రెండు డిస్కులు.. ఒకటే ప్రాణం

కంప్యూటర్ కొత్తలో ఎవరిదైనా చురుగ్గానే ఉంటుంది. ఆర్నెల్లు తిరిగేసరికి మొదలవుతుంది అసలు గోల. బటన్ నొక్కి, వంటింట్లోకెళ్లి, టీ పెట్టుకుని వచ్చినా తెరమీద ఆ నీలం గీత పరుగు ఆగదు. ర్యామ్ పెంచమంటారొకరు. వైరస్ పట్టిందంటారు ఇంకొకరు. 2004లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే.. అందరూ సీటీసీ అని పిలిచే కంప్యూటర్ల బజార్లో, మూడో సలహా కూడా దొరికేది. ‘‘రెండు డిస్కులు కలిపి రెయిడ్ వేసేయండి సార్.. రాకెట్‌లా పోతుంది!’’

మల్కాజిగిరిలో ఉండే ఓ బ్యాంకు ఉద్యోగికి ఆ మాట తెగ నచ్చేసింది. ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆవిడ తెల్లబోయింది. ‘‘రెయిడ్ అంటే ఇన్‌కమ్‌ట్యాక్స్ వాళ్లు చేసేది కదండీ!’’ అంది.

ఆయన అవసరం మరీ అంత పెద్దదేం కాదు. అంతకుముందు ఏడాదే ఓ హ్యాండీక్యామ్ కొన్నారు. సంక్రాంతికి, వేసవి సెలవులకు తెనాలి దగ్గరున్న సొంతూరు వెళ్లినప్పుడల్లా కనిపించిందల్లా తీసేవారు. పెరట్లో బావి, దొడ్లో గేదె, అరుగుమీద చింతపండు పిక్కలు తీస్తున్న అమ్మ. గంట నిడివి ఉండే చిన్న డిజిటల్ క్యాసెట్లవి. ఒక్కోటి కొనాలంటే ఉసూరుమనిపించేది. అందుకే తీసిందంతా కంప్యూటర్లోకి ఎక్కించేసి, అదే క్యాసెట్ మీద మళ్లీ కొత్తది తీసేవారు. మధ్యతరగతి ఇళ్లలో హార్లిక్స్ సీసాలో పోపుదినుసులు పోసుకోవడం ఎంత సహజమో ఇదీ అంతే. కాకపోతే గంట వీడియోకు దాదాపు 13 జీబీ కావాలి. ఇంట్లో ఉన్న 40 జీబీ డిస్కు మూడు క్యాసెట్లకే నిండిపోయేది.

రెండు 80 జీబీ డిస్కులు కొందామనుకున్నది అందుకే. రెండింటినీ కలిపి ఒకే 160 జీబీ డిస్కులా కనిపించేలా చేస్తే చోటుకు చోటు, వేగానికి వేగం. పైగా కొత్తగా కొన్న మదర్‌బోర్డులో ఆ సదుపాయం ఉచితంగానే ఉంది. ఉచితంగా ఉన్నదాన్ని వాడకుండా ఉండటం మనవల్ల అవుతుందా!

ఇంతకీ స్ట్రైపింగ్ అంటే? స్ట్రైప్ అంటే చార. చారల దుప్పటిలో ఒక చార ఎరుపు, ఒక చార తెలుపు వచ్చినట్టు, ఫైలులో ఒక ముక్క మొదటి డిస్కుకు, తర్వాతి ముక్క రెండో డిస్కుకు వెళ్తుంది. రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకే దస్తావేజును ఇద్దరు గుమస్తాలు రాస్తున్నారనుకోండి. మొదటి పేజీ ఒకాయన, రెండో పేజీ ఇంకొకాయన. పని సగం టైములో అయిపోతుంది. చదివేటప్పుడూ అంతే. బేసి పేజీలు ఈయన తెస్తే సరి పేజీలు ఆయన తెస్తాడు. అయితే ఇద్దరిలో ఒకరు మాయమైతే మిగిలేది సగం దస్తావేజు కాదు. పేజీ విడిచి పేజీ ఉన్న కాగితాల కట్ట. దాంతో పొలం అమ్మలేం, కొనలేం.

ముక్క సైజు ఎంతుండాలో మనమే చెప్పాలి. 16 కేబీ, 64 కేబీ, 128 కేబీ.. ఇలా ఉంటాయి. మధ్యేమార్గంగా 64 పెట్టుకునేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కన 2 ఎంబీ ఫొటో ఒకటి 32 ముక్కలవుతుంది. పదహారు ఇక్కడ, పదహారు అక్కడ. హ్యాండీక్యామ్ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములుంటాయి. ఒక్కో ఫ్రేము 1,44,000 బైట్లు. అంటే రెండు ముక్కల కంటే కాస్త ఎక్కువే. అమ్మ ఒక్కసారి కళ్లార్పితే, ఆ క్షణంలోని ప్రతి ఫ్రేమూ రెండు డిస్కుల్లోనూ పరుచుకుని ఉంటుందన్నమాట. ఆ సంగతి సీటీసీలో ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఆరోజు ఆయన వినే స్థితిలో లేరు.

బిగింపు కార్యక్రమం ఓ ఆదివారం పొద్దున మొదలైంది. డిస్కులు రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి. అదీ నియమమే. ఒకటి నెమ్మదైతే రెండోది దానికోసం ఆగాలి, ఒకటి చిన్నదైతే పెద్దదాంట్లో మిగిలిన చోటు దండగ. పాత డిస్కులకున్న వెడల్పాటి రిబ్బన్ కేబుళ్లు పోయి, వేలెడు వెడల్పు కూడా లేని సాటా కేబుళ్లు అప్పుడప్పుడే వచ్చాయి. మాస్టర్, స్లేవ్ అంటూ జంపర్లు పీకి పెట్టే బాధ తప్పింది. డిస్కుల నెత్తిన స్కెచ్‌పెన్‌తో ఒకటి, రెండు అని రాసి బిగించారాయన. తర్వాత బయోస్‌లోకి వెళ్లి రెయిడ్ ఆన్ చేయాలి. మళ్లీ స్టార్ట్ చేస్తే నల్లటి తెరమీద ఇంకో చిన్న ప్రోగ్రాం వస్తుంది. అందులో రెండు డిస్కులనూ ఎంచుకుని, రెయిడ్ జీరో అని, ముక్క సైజు 64 అని చెబితే.. ‘ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?’ అని అడుగుతుంది. కొత్త డిస్కుల్లో చెరిగిపోయేందుకు ఏముంటుంది! ఆయన ‘సరే’ కొట్టారు.

అసలు తంటా ఆ తర్వాతే వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ సీడీ పెట్టగానే నీలం తెర కింద ఓ వాక్యం కనిపించి, అయిదారు సెకన్లలో మాయమవుతుంది. ఆలోగా ఎఫ్6 నొక్కాలి. నొక్కకపోతే అంతా సజావుగా జరుగుతున్నట్టే నటించి, చివరికి అసలు హార్డ్‌డిస్కే లేదు పొమ్మంటుంది. నొక్కితే డ్రైవర్ ఉన్న ఫ్లాపీ పెట్టమంటుంది. ఫ్లాపీలే తప్ప సీడీలు పనికిరావు. డబ్బు మిగులుతుందని ఫ్లాపీ డ్రైవ్ వద్దనుకున్నారు మరి! రెండు వీధుల అవతలున్న ఇంటర్నెట్ సెంటర్ వాళ్లను బతిమాలి ఒకటి విప్పించుకుని తెచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. భోజనానికి నాలుగుసార్లు పిలిచి విసిగిపోయిన భార్య, ‘‘ఆ రెయిడేదో అయ్యాకే తినండి’’ అని కంచం మూతపెట్టేసింది.

రాత్రి ఎనిమిదికి విండోస్ వచ్చింది. మై కంప్యూటర్‌లో ఒకే ఒక్క డ్రైవ్.. 149 జీబీ! కంపెనీవాళ్ల లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో అంతకంటే ఎక్కువ. ఆ తేడావల్ల 160 అన్నది 149గా కనిపిస్తుంది. అయినా ఆ అంకె చూసి కొడుకూ తండ్రీ చప్పట్లు కొట్టుకున్నారు.

మరి రాకెట్‌లా పోయిందా? పెద్ద ఫైళ్లు చదవడంలో, రాయడంలో పోయింది. ఆ కాలపు మంచి డిస్కు సెకనుకు 55 ఎంబీ దాకా ఇస్తే, రెండూ కలిసి దానికి రెట్టింపుకు దగ్గరగా ఇచ్చేవి. కానీ కంప్యూటర్ రోజువారీ పనిలో పెద్ద ఫైళ్లకంటే వేలకొద్దీ చిన్న ఫైళ్ల వెతుకులాటే ఎక్కువ. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టు తిరగడానికి 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి. సూది పక్కకు జరగడానికి పట్టే టైము దీనికి అదనం. డిస్కులు రెండున్నా, పదున్నా ఈ నిరీక్షణ తగ్గదు. మామిడికాయ ఎక్కడుందో వెతకడానికి పట్టే టైము, కోసే కత్తులు రెండున్నాయని తగ్గదు కదా! పైగా ఆ రెయిడ్ ప్రోగ్రాం నల్లటి తెర రోజూ కాసేపు నిలబడేది. విండోస్ మొదలవడంలో మిగిలిన నాలుగు సెకన్లూ అక్కడే ఖర్చయిపోయేవి. కొడుకు స్టాప్‌వాచ్ పెట్టి మరీ తేల్చాడు.

అన్నిటికన్నా విచిత్రం ఇంకొకటుంది. ఆయన ఇదంతా చేసింది వీడియో కోసం. హ్యాండీక్యామ్ నుంచి వచ్చే వీడియో సెకనుకు 3.6 ఎంబీ మాత్రమే. అలాంటివి పది వచ్చినా ఒక్క డిస్కు హాయిగా మింగేసేది. 1990లలో డిస్కులు నెమ్మదిగా ఉన్నప్పుడు మధ్యలో ఫ్రేములు ఎగిరిపోయేవి కాబట్టి, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు స్ట్రైపింగ్ చేసుకునేవాళ్లు. డిస్కుల వేగం పెరిగింది. సలహా మాత్రం అలాగే ఉండిపోయింది. ఇక ఎఫెక్టులు, టైటిల్స్ వేసేటప్పుడు గంటలకొద్దీ ఆగాల్సింది ప్రాసెసర్ కోసం, డిస్కు కోసం కాదు.

కనీసం ఆ ‘జీరో’ అన్న పేరైనా ఆలోచనలో పడేయాల్సింది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు రాసిన పరిశోధనా పత్రంతో రెయిడ్ అన్న మాట వాడుకలోకి వచ్చింది. ఖరీదైన ఒక పెద్ద డిస్కు బదులు చవకైన చిన్న డిస్కులు చాలా వాడుకోవచ్చన్నది వాళ్ల వాదన. అయితే వాళ్లే ఓ లెక్క కూడా వేశారు. సగటున 30,000 గంటలు పనిచేసే డిస్కులు వంద కలిపితే, వాటిలో ఏదో ఒకటి 300 గంటల్లోనే.. అంటే రెండు వారాలు తిరక్కముందే చెడిపోతుంది. అందుకే ఒకటి పోయినా మిగతావాటి నుంచి దాన్ని తిరిగి పుట్టించే పద్ధతులు అయిదు చెప్పారు. ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు వాటివే. ఏ రక్షణా లేని ఉత్త స్ట్రైపింగ్ ఆ అయిదింట్లో లేదు. తర్వాతి వాళ్లు దానికి సున్నా అని పేరు పెట్టారు. అంతకంటే నిజాయతీగా పేరు పెట్టడం ఎవరివల్లా కాదు.

ఇళ్లలో ఉండేది రెండే కదా అనుకోవచ్చు. 2007లో గూగుల్ ఇంజినీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కులను గమనించి ఓ నివేదిక ఇచ్చారు. మొదటి ఏడాది డిస్కుల్లో నూటికి 1.7 చెడిపోతే, మూడో ఏట ఉన్నవాటిలో 8.6 చెడిపోయాయి. ఒక్క డిస్కుకు నూటికి 8.6 అయితే, రెండింట్లో ఏదో ఒకటి పోయే అవకాశం 16 దాటుతుంది. రెండెడ్ల బండిలో ఒక ఎద్దు కుంటుపడితే రెండో ఎద్దు ఎంత బలంగా ఉన్నా బండి కదలదు. ఇవి రాత్రీపగలూ తిరిగే డిస్కుల లెక్కలు, ఇంట్లో రోజుకు మూడు గంటలు వాడేవాటికి అచ్చంగా ఇవే వర్తించకపోవచ్చు. కానీ రెండు రెట్లు అన్నది మాత్రం ఎక్కడైనా రెండు రెట్లే.

ఆ 149 జీబీలోకి 2005 వేసవిలో ఓ క్యాసెట్ వచ్చి చేరింది. ఆవకాయ రోజులు. అమ్మ ముక్కలు తుడిచి, కారం, ఆవపిండి కలుపుతుంటే తీశారు. పని అయ్యాక ఆవిడ గోడమీది ఫొటో దించమంది. 1958లో తన పెళ్లినాడు తీసిన గ్రూప్ ఫొటో. మూడు వరసల్లో 23 మంది. కొంగుతో అద్దం తుడిచి, వేలు పెట్టి ఒక్కొక్కరినీ చెప్పుకొచ్చింది. ‘‘ఈయన మా పెద్దమేనమామ. గుర్రబ్బండి తోలేవాడు. పక్కన నించున్నది మీ నాన్నగారి పిన్ని. ఆ ఏడే పోయింది పాపం, కాన్పులో..’’ నలభై నిమిషాలు. ఆ పేర్లు అప్పటికి ఆవిడ నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు.

క్యాసెట్ కంప్యూటర్లోకి ఎక్కింది. ఆ క్యాసెట్ మీద తర్వాతి నెలలో మేనల్లుడి పుట్టినరోజు ఎక్కింది. 2006 చివర్లో అమ్మ పోయింది.

‘‘అత్తయ్యగారివి డీవీడీల్లోకి రాసిపెట్టండి’’ అని భార్య అంటూనే ఉండేది. అయిదు గంటల వీడియో, 65 జీబీ. ఒక్కో డీవీడీలో 4.7 జీబీ చొప్పున పధ్నాలుగు డీవీడీలు, ముక్కలు ముక్కలుగా కోసి రాయాలి. వచ్చే ఆదివారం చూద్దాంలే అన్నారాయన. ఏడాదికి 52 ఆదివారాలుంటాయి కదా.

2008 మే నెలలో ఓ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ రాలేదు. పెట్టె విప్పితే, మదర్‌బోర్డు మీద బుల్లి డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు నాలుగు నెత్తిన ఉబ్బి ఉన్నాయి. ఆ రోజుల బోర్డుల్లో చాలామంది చూసిన జబ్బే అది. రిపేరు కుర్రాడు వచ్చి చూసి శుభవార్త చెప్పాడు. ‘‘బోర్డు ఒక్కటే పోయింది సార్. డిస్కులు రెండూ సూపర్‌గా ఉన్నాయి.’’ ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

కొత్త బోర్డు వచ్చింది. దానిమీది చిప్ ఇంకో కంపెనీది. డిస్కులు తగిలిస్తే రెండూ కనిపించాయి.. విడివిడిగా. మొదటిదాంట్లో అర్థంకాని పార్టిషన్ ఏదో ఉందంటోంది. రెండోది ఖాళీ అంటోంది. రిపేరు కుర్రాడికి పెద్ద సమస్యగా అనిపించలేదు. ‘‘ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిచ్చేస్తా సార్, అరగంట పని’’ అంటూ సీడీ పెట్టేశాడు. ఆయన చేయి పట్టుకుని ఆపారు. ఆ అరగంట పని జరిగి ఉంటే ఇక చేయగలిగింది ఏమీ లేదు. డిస్కు చెడితే కనీసం చెడిందని తెలుస్తుంది. ఇక్కడ చెడిందేమీ లేదు. బాగున్న రెండు డిస్కుల మధ్య ఉన్న ఒప్పందం ఒక్కటే పోయింది.

బోర్డుతో ఉచితంగా వచ్చే రెయిడ్ కిటుకు అదే. దానికంటూ ప్రత్యేకమైన యంత్రం పెద్దగా ఏమీ ఉండదు. బయోస్‌లో ఓ చిన్న ప్రోగ్రాం, విండోస్‌లో ఓ డ్రైవర్ కలిసి పని నడిపిస్తాయి. ప్రతి డిస్కు చివర ఓ చీటీ రాసుకుంటాయి.. ‘ఇద్దరిలో నేను ఫలానా నంబరు, ముక్క సైజు ఇంత’ అని. ఒక కంపెనీ చీటీ రాసే పద్ధతి ఇంకో కంపెనీకి తెలియదు. డిస్కుల మీద ఎంత అందంగా స్కెచ్‌పెన్‌తో నంబర్లు రాసుకున్నా, చీటీ చదివేవాడు లేకపోతే అవి రెండు కొత్త డిస్కులతో సమానం.

పాతబోర్డు లాంటిదే దొరుకుతుందేమోనని నాలుగు శనివారాలు సీటీసీ అంతా గాలించారు. నాలుగేళ్లనాటి బోర్డు! షాపులవాళ్లు జాలిగా చూశారు. డేటా తీసిచ్చేవాళ్లను అడిగితే, వాళ్లు చెప్పిన రేటు విని ఇంకేం మాట్లాడలేకపోయారు. విజయవాడలో ఉండే అక్క ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ‘‘ఒరేయ్.. దొరికిందా?’’ అని ఒకటే ప్రశ్న. ఆయన వేరే విషయాలు మాట్లాడేవారు.

చివరికి పై వాటాలో ఉండే ఇంజినీరింగ్ కుర్రాడు దారి చూపించాడు. ‘‘బోర్డుతో పనేంటి అంకుల్? చీటీ చదవడం వస్తే చాలు కదా’’ అన్నాడు. సీడీ నుంచే నడిచే లినక్స్ ఒకటి తెచ్చాడు. అందులో డీఎంరెయిడ్ అని ఓ చిన్న ప్రోగ్రాం ఉంటుంది. చాలా కంపెనీల చీటీల భాష దానికొచ్చు. డిస్కులమీద ఒక్క అక్షరం కూడా రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచాడు. ఆదేశం టైపు చేసి ఎంటర్ కొట్టాడు. తెల్ల అక్షరాలు నాలుగు వరసలు కదిలాయి. అదే పాత 149 జీబీ!

కాపీ చేద్దామని కొత్తగా కొన్న యూఎస్‌బీ డిస్కు పెడితే అక్కడ ఇంకో మెలిక. దాన్ని ఫార్మాట్ చేసిన పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఒక్కో క్యాసెట్ 13 జీబీ. దాన్ని వేరే పద్ధతిలో ఫార్మాట్ చేసి, మళ్లీ మొదలుపెట్టేసరికి రాత్రి పదకొండైంది. యూఎస్‌బీ డిస్కును కాదు కదా, ఆ రాత్రి ఇంట్లో ఏ డిస్కును ఫార్మాట్ చేయాలన్నా ఆయనకు చెమటలు పట్టాయి. ఏ డిస్కో నాలుగుసార్లు సరిచూశాక గానీ కుర్రాణ్ని ఎంటర్ కొట్టనివ్వలేదు. చివరి ఫైలు కాపీ అయ్యేటప్పటికి భార్య అక్కడే కుర్చీలో నిద్రపోతోంది.

ఆ రెండు డిస్కులనూ ఆయన పారేయలేదు. విడదీయనూ లేదు. కొత్త బోర్డు మీద మళ్లీ జీరోగానే కలిపి కొడుకు ఆటలకు ఇచ్చేశారు. పోతే సీడీలోంచి మళ్లీ ఎక్కించుకునేవేగా! స్ట్రైపింగ్‌కు అదే సరైన చోటు కూడా. ఇవాళ ఇళ్లలో దాని అవసరమూ తగ్గిపోయింది. కదిలే సూదిలేని ఎస్ఎస్‌డీలు వచ్చాక, మామూలు సాటా రకమే సెకనుకు 500 ఎంబీ దాటి ఇస్తుంది. వెతుకులాట మిల్లీసెకనులో పదోవంతుకు వచ్చింది. అయినా కొత్త బోర్డుల బయోస్‌లో రెయిడ్ జీరో అన్న వరస ఇంకా కనిపిస్తూనే ఉంది. దాన్ని చూసి మనసు లాగేవాళ్లూ ఉన్నారు.

అమ్మ వీడియోలు మూడు చోట్లకు చేరాయి. ఒక డిస్కు మల్కాజిగిరి బీరువాలో, ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి విజయవాడలో. అక్క ఆ డిస్కు అందుకున్న రోజే గోడమీది ఫొటో దించి, టీవీలో వీడియో ఆపుతూ, నడుపుతూ ఫొటో వెనకాల పెన్సిల్‌తో పేర్లు రాసుకుంది. ఇరవై రెండు వచ్చాయి. వెనక వరసలో చివరన కండువా వేసుకుని నించున్న ఆయన దగ్గరికి వచ్చేసరికి వీడియోలో అమ్మ వేలు ఆగింది. ‘‘ఈయనెవరబ్బా.. ఉండు, గుర్తొస్తే చెబుతా’’ అంది. క్యాసెట్ అయిపోయేదాకా మళ్లీ ఆ ఊసెత్తలేదు.